చచ్చిన కోడిని పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్తే ఏం చేస్తారు – నా అనుభవం (5కి 4)

మా మండలంలో గవర్నమెంటు పశువుల ఆసుపత్రి గురించి రాస్తున్నా, గేదెల కోసం కాదు కోళ్ళ కోసం వెళ్ళా. కోళ్ళకి కూడా ఆసుపత్రా అని మా ఆయన నవ్వారు. 19 కోళ్ళుండేవి మాకు, ఆయన నవ్వే టైముకి ఎనిమిది మిగిలాయి.

ఒకరోజు పొద్దున్నే గంప ఎత్తితే రెండు పెట్టలు కాళ్ళు చాపేసి ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం నూకలు శుభ్రంగా తిన్నాయి, ఒంటి మీద గాటు కూడా లేదు, పాము అనుకున్నాం. రెండో రోజు ఇంకో మూడు. అప్పుడు పక్కింటోళ్ళు ఎలకల మందు పెట్టారేమో అని డౌటొచ్చి వాళ్ళతో మాటా మాటా కూడా అయ్యింది, ఇప్పుడు వాళ్ళకి మొహం చూపించలేకపోతున్నా. మూడో రోజు ఒక పెట్ట పచ్చగా నీళ్ళలా రెట్టలేస్తూ నోరు తెరిచి గురగురమంటుంటే అత్తయ్య అరుగు మీద నుంచి లేవకుండానే "కొక్కెర పట్టిందే వాటికి" అన్నారు. ఎవరం పట్టించుకోలేదు.

టౌన్లో దాణా, మందులు అమ్మే షాపుకి పరిగెత్తా, పేరెందుకులెండి. ఫోటో చూపిస్తానన్నా చూడలేదు, కోళ్ళు ఎంత వయసువి, టీకాలు వేశారా అని ఒక్క మాట అడగలేదు, ఏదో యాంటీబయాటిక్ పౌడరూ ఒక టానిక్కూ చేతిలో పెట్టి 380 తీసుకున్నాడు. నీళ్ళలో కలిపి పెట్టా. ఇంకో ఆరు పోయాయి. దానికి స్టార్లు కూడానా.

ఐదో రోజు పొద్దున చచ్చిన పుంజుని రెండు కవర్లలో కట్టి చుట్టూ ఐసు ముక్కలు పెట్టి తీసుకెళ్ళా. ఇక్కడ ఒక మాట, డీప్ ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి తేకూడదంట, లోపలి భాగాలు పాడైపోయి ఏమీ తెలియదంట, అప్పుడే చచ్చినదాన్ని చల్లగా ఉంచి తెస్తే చాలు. బుట్ట చూసి అటెండరు "ఏంటమ్మా, కూరకా" అని జోకేశాడు.

డాక్టర్ మేడమ్ మాత్రం వెంటనే ముట్టుకోలేదు. చుట్టుపక్కల కాకులు, బాతులు ఏమన్నా చచ్చాయా, తురాయి నీలంగా మారిందా, మొహం వాచిందా, ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని వరసగా అడిగారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు అగ్రహారం వైపు బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, అప్పట్నుంచి ఈ ప్రశ్నలు అడక్కుండా కోడిని కొయ్యట్లేదంట. చచ్చినవాటిని ఏం చేశారు అని కూడా అడిగారు. మొదటి ఐదూ మా ఆయన కాలవలో పడేశారని చెప్పేసరికి మేడమ్ మొహం మారిపోయింది. గొయ్యి లోతుగా తీసి సున్నం చల్లి పాతిపెట్టాలంట.

తర్వాత మాస్కు, గ్లౌజులు వేసుకుని వెనక షెడ్డులో కోశారు. కందనకాయకి ముందు చిన్న సంచిలా ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని చీల్చి కడిగి చూపించారు. లోపలంతా తెల్లటి బుడిపెలు, వాటి కొసల మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి రక్తపు చుక్కలు. రాణిఖేత్ లాగే ఉందమ్మా, కానీ బర్డ్ ఫ్లూలో కూడా ఇలాంటి చుక్కలు రావచ్చు, కంటితో చూసి తేల్చెయ్యకూడదు అని శాంపిల్ తీసి ల్యాబుకి పంపారు. రాణిఖేత్ అంటే ఏంటండీ అంటే, అదే, మీవాళ్ళు కొక్కెర తెగులంటారే, అది అన్నారు. ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పా, ఆవిడ ఏమీ అనలేదు, వక్క నవుల్తూ ఒక చూపు చూశారంతే.

ఇది వైరస్ కాబట్టి షాపులో కొన్న పౌడరు దానిమీద పనిచెయ్యదు, వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఒక్కటే. వారం కిందట సంతలో కొన్న రెండు పెట్టల్ని తెచ్చిన రోజే మిగతావాటితో కలిపేశాం, అవే మోసుకొచ్చి ఉంటాయన్నారు. కొత్తవాటిని కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలంట.

పైసా తీసుకోలేదు, ఓపిగ్గా చెప్పారు, మరి స్టారెందుకు తగ్గించానంటే రిపోర్టుకి 12 రోజులు పట్టింది, మనం నాలుగుసార్లు ఫోన్ చేస్తే గానీ కదల్లేదు. వచ్చింది రాణిఖేతే. టీకాకి వెళ్తే మళ్ళీ ఇంకో తిప్పలు, ఆర్2బి అని పెద్ద కోళ్ళకి వేసే టీకా, సీసా 100 డోసులది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, మీ ఆరు కోళ్ళకి (అప్పటికి ఇంకో రెండు పోయాయి) సీసా ఎలా విప్పమంటారు అన్నారు. దాంతో మా వీధిలో ఐదిళ్ళవాళ్ళం మాట్లాడుకుని, పక్కింటోళ్ళని కూడా బతిమాలి, వారం ముందే అన్నింటికీ నట్టల మందు తాగించి, ఫ్లాస్కులో ఐసు పెట్టి సీసా తెచ్చుకున్నాం. రెండు నెలలు దాటినవాటికి రెక్క కింద అర ఎమ్మెల్. ఏడు రోజుల పిల్లలకైతే ఇది కాదు, లసోటా అనే వేరే టీకా, కంట్లో ఒక చుక్క. తెలీక పిల్లలకి ఆర్2బి పొడవకండి.

మిగిలిన ఆరింట్లో ఒక పెట్టకి మెడ వంకర తిరిగిపోయింది, నూకలు పొడవబోతే ముక్కు పక్కన నేల మీద పడుతుంది. పళ్ళెం తీసేసి లోతు గిన్నెలో పోసి గోడకి ఆనించి పెడితే తింటోంది. నిన్న గుడ్డు కూడా పెట్టింది.