టైటాన్ మిసైల్ మ్యూజియం, అరిజోనా: తాళంచెవి తిప్పి ఫొటో దిగే ముందు

ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉండేవాళ్ళం ఇండియా నుంచి పెద్దవాళ్ళొస్తే తిప్పే చోట్లు ఎప్పుడూ అవే. గ్రాండ్ కాన్యన్, సెడోనా, ఆంటిలోప్ కాన్యన్, మధ్యలో ఓ గుడి. ఈసారి టూసాన్ దాటి దక్షిణంగా ఇంకో అరగంట వెళ్ళండి. పైన చూడ్డానికి ఏమీ ఉండదు, కంచె, కంకర నేల, నాలుగు యాంటెన్నాలు, మండే ఎండ. కింద గొయ్యిలో మాత్రం 103 అడుగుల టైటాన్ 2 క్షిపణి నిటారుగా నిలబడి ఉంది. ఇంధనం లేదు, బాంబు లేదు, కంగారు పడక్కర్లేదు.

1963 నుంచి 1987 దాకా అమెరికా ఇలాంటివి 54 సిద్ధంగా పెట్టుకుంది. టూసాన్ చుట్టూ 18, ఆర్కన్సాలో 18, కాన్సస్‌లో 18. ఒక్కోదాని నెత్తిన 9 మెగాటన్నుల బాంబు, అంటే హిరోషిమా మీద వేసినదానికి 600 రెట్లు. హిరోషిమాలో 1945 చివరికల్లా చనిపోయినవాళ్ళు సుమారు 1,40,000 మందని అంచనా. మిగతా లెక్క మీరే వేసుకోండి, నేను మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

టూర్ విషయానికొస్తే, 55 మెట్లు దిగాలి. మూడేసి టన్నుల ఉక్కు తలుపులు, అంత బరువూ ఒక మనిషి తోస్తే మెత్తగా కదులుతుంది. కంట్రోల్ రూమ్ అంతా పెద్దపెద్ద స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది, పైన అణుబాంబు పడ్డా లోపలివాళ్ళు తమ పని పూర్తిచేయాలని. డ్యూటీ మారేటప్పుడు కొత్త బృందం లోపలికి రావాలంటే ఫోన్లో కోడ్ చెప్పి, ఆ కోడ్ రాసిన చీటీని అక్కడే కాల్చేయాలి. తాళంచెవులుండే ఎర్ర బీరువాకి రెండు తాళాలు, ఒక ఆఫీసరు తాళం నంబరు ఇంకొకరికి తెలీదు. చెవులు తిప్పే చోట్లు కూడా ఒక్క మనిషికి రెండూ అందనంత దూరంలో పెట్టారు. ఇద్దరూ ఒకేసారి తిప్పి అయిదు సెకన్లు అలాగే పట్టుకోవాలి, ఆ తర్వాత నిమిషంలోపు క్షిపణి బయటికి వెళ్ళిపోతుంది, వెళ్ళాక వెనక్కి పిలవడమనేది లేదు. ఇంజినీరింగ్ చదివినవాడెవడికైనా ఇక్కడ ముచ్చటేస్తుంది. నాకూ వేసింది, దాచుకోవడమెందుకు.

చివర్లో సందర్శకుల్లో ఒకర్ని కూర్చోబెట్టి ఉత్తుత్తి ప్రయోగం చేయిస్తారు. మా బావమరిదికి ఛాన్స్ వచ్చింది. చెవి తిప్పాడు, లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి, అందరూ చప్పట్లు, నేను వీడియో. అప్పుడు మా మామగారు నా చెయ్యి తట్టి, "అల్లుడుగారూ, ఆ బాంబు ఏ ఊరి మీదకో అడగండి" అన్నారు. అడిగాను. అక్కడ ఒకటి, రెండు, మూడు అని టార్గెట్ బటన్లు మాత్రమే ఉంటాయి, అవి ఏయే ఊళ్ళన్నది డ్యూటీలో ఉన్నవాళ్ళకి చెప్పేవారు కాదు. అదే తెలుగులో చెప్పాను. "అంటే ఎవర్ని చంపుతున్నారో తెలీకుండానా?" అన్నారాయన. మా బావమరిది అందుకుని, "వాడలేదు కదా నాన్నా, అది ఉండబట్టే ఎవడూ యుద్ధానికి రాలేదు" అన్నాడు.

ఈ మాట అందరం అంటాం, పోఖ్రాన్ అప్పుడు మన వీధుల్లో స్వీట్లు పంచినవాళ్ళూ ఇదే అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ భయం పనిచేయాలంటే అది నటన కాకూడదు కదా. కింద కూర్చున్న కుర్రాళ్ళు ఆర్డరొస్తే నిజంగా తిప్పేవాళ్ళే అయ్యుండాలి. ఇరవై నాలుగ్గంటల షిఫ్టులో నలుగురు, అక్కడే వండుకుని, అక్కడే కునుకు తీసి, పైచదువుల పుస్తకాలు చదువుకుంటూ, ఊరు పేరు తెలియని లక్షలమందిని చంపడానికి ఒప్పుకుని ఉండాలి. 1973లో మేజర్ హెరాల్డ్ హెరింగ్ అనే ఆయన, వియత్నాంలో పనిచేసి వచ్చిన హెలికాప్టర్ పైలట్, క్షిపణి శిక్షణలో ఒక ప్రశ్న అడిగాడు: ఆర్డరిచ్చిన అధ్యక్షుడు మతి ఉండే ఇచ్చాడని నాకెలా తెలుస్తుంది? జవాబు చెప్పలేదు, ఉద్యోగంలోంచి పంపించేశారు. ఆ తర్వాత ఆయన లారీ డ్రైవరుగా పనిచేశాడు.

పైగా "వాడలేదు" అంటే ఎవరూ పోలేదని కాదు. 1965 ఆగస్టు 9న ఆర్కన్సాలో సెర్సీ దగ్గర ఇలాంటి గొయ్యిలోనే మరమ్మతులు చేస్తుంటే మంటలు రేగి 53 మంది కూలీలు చనిపోయారు, ఎక్కువమంది పొగకి ఊపిరాడకే. ఉన్న 55 మందిలో ఇద్దరే బయటపడ్డారు. 1978లో కాన్సస్‌లో విషవాయువు లీకై ఇద్దరు. 1980 సెప్టెంబరులో ఆర్కన్సాలోనే డమాస్కస్ దగ్గర మరమ్మతు చేస్తున్న ఒక కుర్రాడి చేతిలోంచి రెంచికి తగిలించే మూడున్నర కిలోల సాకెట్ జారి, కిందపడి ఎగిరి, ఇంధనం ట్యాంకుకి బొక్క పెట్టింది. తెల్లవారుజామున క్షిపణి పేలిపోయి 740 టన్నుల మూత ఎగిరిపోయింది, బాంబు వెళ్ళి బయటెక్కడో పడింది. అదృష్టం, అది పేలలేదు. డేవిడ్ లివింగ్‌స్టన్ అనే సైనికుడు చనిపోయాడు, 21 మందికి గాయాలు. టూర్లో ఆ గొయ్యిలోకి తొంగిచూసేటప్పుడు ఈ సాకెట్‌ని గుర్తు తెచ్చుకోండి, అంత లోతు, ఆ క్షిపణి చర్మం అంత పల్చన.

ఆంటిలోప్ కాన్యన్ అన్నాను కదా, అక్కడికెళ్ళేటప్పుడు మనం దాటే కామెరాన్, ఆ చుట్టుపక్కలంతా నవాహో అనే అమెరికా ఆదివాసుల నేల. 1944 నుంచి 1986 దాకా వాళ్ళ భూముల్లోంచి దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు, చాలా ఏళ్ళు అమెరికా బాంబుల కోసమే. గాలి సరిగా ఆడని గనుల్లో పనిచేసి వాళ్ళలో ఎంతోమంది ఊపిరితిత్తుల క్యాన్సర్లతో పోయారు, పరిహారం చట్టం 1990కి గానీ రాలేదు, వదిలేసిన గనులు 500 పైనే ఇంకా అక్కడే ఉన్నాయి. మనం కారాపి నగలు బేరమాడేది ఆ ఇళ్ళవాళ్ళతోనే.

టైటాన్లు తీసేశారు కాబట్టి పాత కథే అనుకుంటారేమో. మోంటానా, నార్త్ డకోటా, వయోమింగ్ స్థావరాల కింద 400 మినిట్‌మన్ 3 క్షిపణులు ఈరోజుకీ సిద్ధంగా ఉన్నాయి, వాటిని ప్రయోగించడానికి ఇద్దరిద్దరు కుర్ర ఆఫీసర్లు భూమిలోపల డ్యూటీ చేస్తున్నారు. వాటి బదులు సెంటినెల్ అని కొత్తవి తెస్తున్నారు, 2024లో వేసిన అంచనా దాదాపు 14,100 కోట్ల డాలర్లు. హెచ్1బీ మీద ఉండి టాక్సులు కట్టేవాళ్ళకి ఓటు లేదుగానీ ఇందులో వాటా మాత్రం ఉంది.

ఇక పనికొచ్చే సంగతులు. వీకెండ్ అయితే టికెట్లు ముందే బుక్ చేసుకోండి. హీల్స్ వద్దు, కింద ఇనుప జాలీ ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే మెట్ల సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పొడుగ్గా ఉన్నవాళ్ళు టోపీ ఇస్తే పెట్టుకోండి, తలకి తగిలేవి చాలా ఉన్నాయి. నీళ్ళు తీసుకెళ్ళండి, పిల్లల్ని కూడా. గైడ్లలో ఒకప్పుడు అక్కడ డ్యూటీ చేసినవాళ్ళూ ఉంటారు, దొరికితే వదలకండి, చెవి తిప్పే సరదా అయ్యాక హెరింగ్ గురించి, సెర్సీ గురించి అడగండి.