లివర్‌లో మచ్చ పడిందా? ఏ టెస్ట్ మేలు?

"ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్షలు) నార్మల్‌గానే వచ్చింది, ఇంక లివర్‌కేం ఢోకా లేదు" అని మా పెదనాన్న ఏళ్ల తరబడి ధీమాగా ఉన్నారు. ఆయనకు షుగర్ ఉంది. ఫ్యాటీ లివర్ అని స్కానింగ్‌లో ఎప్పుడో రాశారు. ఆ రక్తపరీక్షల్లో చూసే ఎస్‌జీపీటీ అనే ఎంజైము మాత్రం ఏనాడూ 40 దాటలేదు. చివరికి పొట్టలో నీరు చేరాక సిర్రోసిస్ (లివర్ అంతా మచ్చపడి గట్టిపడిపోవడం) అని తెలిసింది. అందుకే ఇప్పుడు ఎవరు రిపోర్ట్ తెచ్చి చూపించినా, అసలు ఏం తెలుసుకోవాలని ఈ టెస్ట్ చేయించారని ముందు అడుగుతాను.

కళ్లు పచ్చబడితే మొదట ఎల్‌ఎఫ్‌టీయే. అందులో చూసే బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) మామూలుగా 1.2 లోపు ఉంటుంది. 2.5, 3 దాటాకే కంటి తెల్లగుడ్డులో పసుపు తెలుస్తుంది. ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ (లివర్ ఇంకా మార్చనిది) ఒక్కటే కొంచెం పెరిగి మిగతావన్నీ బాగుంటే చాలాసార్లు అది గిల్బర్ట్ సిండ్రోమ్. అందులో బిలిరుబిన్ పస్తులున్నప్పుడు పెరుగుతుంది గానీ లివర్‌ను పాడు చేయదు. అలా కాక డైరెక్ట్ బిలిరుబిన్ (లివర్ మార్చి పైత్యరసంలోకి పంపేది) పెరిగి, మూత్రం ముదురు రంగులో, మలం సున్నంలా తెల్లగా వస్తూ, ఒళ్లంతా దురద పెడుతుంటే పైత్యరసం దారికి అడ్డం పడిందేమో చూడాలి. దానికి అల్ట్రాసౌండ్ వెంటనే కావాలి.

దీర్ఘకాలిక జబ్బు సంగతి వేరు. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు. ఇప్పుడు దెబ్బ తగులుతోందా అన్నది వాటిలో తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఎంత మచ్చ పడిందో తెలియదు. లివర్ పనితీరును చూపేవి అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరును చూపే అంకె). అవి తేడా చేసేసరికి జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. అల్ట్రాసౌండ్‌దీ అదే ఇబ్బంది. కొవ్వు బాగా ఉంటే పట్టేస్తుంది, తొలిదశ మచ్చను మాత్రం చూపలేదు.

మరి మొదట ఏం చేయాలి? నా ఓటు ఫిబ్-4కి. ఇది కొత్త టెస్ట్ కాదు, చేతిలో ఉన్న రిపోర్ట్‌లతో వేసే లెక్క. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. ఇద్దరున్నారనుకోండి, ఇద్దరికీ 52 ఏళ్లు, ఎస్‌జీపీటీ 36. ఒకరికి ఎస్‌జీఓటీ 30, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు: లెక్క 1.04. ఇంకొకరికి ఎస్‌జీఓటీ 48, ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు: లెక్క 3.2. 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే బాగా అనుమానించాలి. ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి ఉంటే ఇద్దరినీ "మీకేం లేదు" అని పంపేసేవాళ్లు! 35 ఏళ్ల లోపు వాళ్లకు ఈ లెక్క సరిగా పనిచేయదు. 65 దాటిన వాళ్లకు కింది హద్దు 1.3 బదులు 2.

లెక్క ఎక్కువొస్తే ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్. పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి చిన్న చిన్న తట్లు తడుతుంది. నొప్పేమీ ఉండదు. ఆ అల ఎంత వేగంగా పాకితే లివర్ అంత గట్టిగా ఉన్నట్టు. ఫ్యాటీ లివర్‌లో 8 కిలోపాస్కల్స్ (గట్టిదనాన్ని కొలిచే యూనిట్) లోపు వస్తే చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, లేకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది. హెపటైటిస్ (లివర్ వాపు) ఉద్ధృతంగా ఉన్నప్పుడు చేయించుకున్నా అంతే, లేని మచ్చ ఉందని అనవసరంగా టెన్షన్ పడతారు. పొట్టలో నీరుంటే రీడింగే సరిగా రాదు.

బయాప్సీలో, అంటే సూదితో లివర్ ముక్క తీసి పరీక్షిస్తే, మచ్చను నేరుగా చూడొచ్చు. కానీ సూదిలో వచ్చేది లివర్‌లో దాదాపు యాభై వేలవ వంతు ముక్క, పైగా కొద్దిపాటి రక్తస్రావం ప్రమాదం. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే లివర్‌పై దాడి చేసే జబ్బు) అనుమానం ఉన్నా, మిగతా టెస్టులు ఒకదానికొకటి పొసగకపోయినా అప్పుడు అదే దిక్కు.

సిర్రోసిస్ అని తేలాక మళ్లీ అల్ట్రాసౌండ్‌కే పని పడుతుంది. క్యాన్సర్ గడ్డ చిన్నగా ఉండగానే పట్టుకోవాలంటే ఆరు నెలలకోసారి తప్పదు. పెదనాన్నకు వచ్చే నెలలో ఉంది, నేనే తీసుకెళ్తున్నాను.