"కుండీ ఆర్టిచోక్" అని ఆన్‌లైన్‌లో నారు కొనేముందు ఇది చదవండి

కాలిఫోర్నియా బే ఏరియాలో పెరటి తోట వేసుకునే మన వాళ్ళందరికీ. ఆర్టిచోక్ అంటే పూత విచ్చకముందే మొగ్గ కోసి, ఉడకబెట్టి, రేకుల మొదట్లో, అడుగున ఉండే గుజ్జు తినే మొక్క. నేను మునిగాను, మీరు మునగొద్దు.

ఒక ఆన్‌లైన్ షాపులో "డ్వార్ఫ్ (పొట్టి) ఆర్టిచోక్, రెండడుగులు దాటదు, ముళ్ళుండవు, 90 రోజుల్లో మొగ్గలు" అని పెట్టారు. నీలం కుండీలో బుజ్జి మొక్క, దాని మీద కుండీ అంత మొగ్గ, ఆ ఫోటోకే పడిపోయాను. మూడు మొక్కలు షిప్పింగ్‌తో కలిపి 48 డాలర్లు. మా దగ్గర నర్సరీలో 6 డాలర్లకే ఉన్నాయి, కానీ వాటి చీటీ మీద నాలుగడుగుల చోటు కావాలని రాసుంది, మాదేమో టౌన్‌హోమ్, పెరడంటే చాప పరిచినంత.

పోయినేడు మార్చిలో పెట్టాను. 90 రోజులు పోయాయి, మొగ్గ జాడ లేదు. ఆగస్టుకి నడుమెత్తు పెరిగింది, కుండీలు చాలక ఒకటి నేలలోకి మార్చాను, అదైతే ఈ ఏప్రిల్‌కి నా భుజం దాటింది. ఎండాకులు తీద్దామని చెయ్యి పెడితే కాడ మొదట్లో పసుపు ముళ్ళు, సూదుల్లాగా. ఊళ్ళో కుసుమ చేలో నడిచిన వాళ్ళకి ఆ పోటు తెలుసు (రెండూ ఒకే కుటుంబం లెండి, కోపం కూడా ఒకటే). చివరికి మొగ్గలొచ్చాయి, నిమ్మకాయంత, ఒక్కో రేకు కొనకీ ఒక ముల్లు. ఒకటి కోసి 40 నిమిషాలు ఉడకబెట్టి రేకులు పళ్ళతో గీకితే నోట్లోకి ఏమీ రాలేదు, అడుగున గుజ్జు రూపాయి బిళ్ళంత.

అది కార్డూన్. ఆర్టిచోక్‌కి అన్న వరస, దాని కాడలు తింటారు, మొగ్గ కోసం ఎవరూ పెంచరు. నారు దశలో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, మోసమంతా అక్కడే. షాపు వాడికి ఫోటోలు పంపితే ముందు "నీళ్ళు ఎక్కువ పోశారా" అన్నాడు, తర్వాత 30 రోజుల గ్యారంటీ అయిపోయిందన్నాడు. 30 రోజుల్లో ఏ మొక్కో తేలదని వాడికి తెలియదా?

కొనేవాళ్ళు రకం పేరు అడగండి. డ్వార్ఫ్ అనేది రకం పేరు కాదు. ఇంపీరియల్ స్టార్ లాంటి మంచి రకం కూడా మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది, మొగ్గ వేయాలంటే దానికీ కొన్నాళ్ళు చలి తగలాలి, 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ. అందుకే 90 రోజుల మాట వింటే అనుమానపడండి. విత్తనంతో వచ్చినవి అన్నీ ఒకేలా రావు, తల్లి మొక్క పక్కన వచ్చిన పిలక తెచ్చుకుంటే, అరటి లాగే, తల్లి ఎలా ఉంటే అదీ అలాగే వస్తుంది. హైదరాబాద్ మిద్దె తోటల వాళ్ళు ఇంకా జాగ్రత్త, అక్కడ అంత చలి అన్నాళ్ళు ఎక్కడ నిలుస్తుంది?

ఇప్పటికే ఈ కార్డూన్ పెట్టేసిన వాళ్ళు మాత్రం పూత విచ్చకముందే కోసేయండి, ఊదా పూలు బాగున్నాయని ఉంచితే గింజలు దూది రెక్కలతో ఎగిరిపోతాయి, కాలిఫోర్నియా కొండల మీద ఇది కలుపు మొక్కై కూర్చుంది.

నిన్న అదే నీలం కుండీ ఫోటో మళ్ళీ కనబడింది. షాపు పేరు వేరు, రేటు 19 డాలర్లు, ఈసారి "బాల్కనీ ఆర్టిచోక్" అట.