అమ్మ డైరీకి మెమోస్ సరిపోతుందా?

చిన్న చిన్న రాతలు (నోట్సు) రాసుకోవడానికి పనికొచ్చే మెమోస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లోని సొంత కంప్యూటరులో పెట్టుకొని డైరీగా వాడుకోవాలనుకునేవారికి ఈ సమీక్ష పనికొస్తుందనుకుంటున్నాను. నా తీర్పు ముందే చెబుతాను: రాసేవారూ నడిపేవారూ ఒక్కరే అయితే ఇది చక్కని ఏర్పాటు, యంత్రాన్ని మనం నడుపుతూ ఇంట్లో మరొకరు అందులో డైరీ రాసుకోవాలంటే మాత్రం ఇది సరిపోదు. చెన్నై పెరంబూరులో ఉండే మా అమ్మ కోసం దీన్ని పెట్టాను. నగల దుకాణం వారు ఏటా ఇచ్చే డైరీలోనే అమ్మ ఇంతకాలం రాసుకునేది. చూపు మందగించి సన్నని గీతల మధ్య రాయడం కష్టమయ్యాక, ఫోనులో అక్షరాలను పెద్దవి చేసుకొని రాసుకునే మార్గం కావలసి వచ్చింది. ఆ రాతలు ఏదో కంపెనీ సర్వర్లో ఉండకూడదన్నది ఇంటిల్లిపాది మాట.

యంత్రం సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. మౌంట్ రోడ్డుకు ఆనుకొని ఉన్న రిచీ స్ట్రీట్‌లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు అడిగితే దొరుకుతుంది. దానికోసమే చేసిన 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్‌ను కూడా కలిపి తీసుకోవాలి. ఇంట్లో పడి ఉన్న ఫోన్ ఛార్జర్‌తో సరిపెడితే వోల్టేజీ చాలక బోర్డు మొరాయిస్తుంది, మెమరీ కార్డుకూ ముప్పే. బ్యాటరీ బాగున్న పాత ల్యాప్‌టాప్ ఉంటే అసలు ఈ ఖర్చే అక్కర్లేదు. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ అందేదాకా అది పాత సమయాన్నే చూపుతుంది, ఆలోగా రాసిన రాతకు మెమోస్ ఆ తప్పుడు సమయాన్నే తగిలిస్తుంది. తేదీయే ప్రాణమైన డైరీలో ఇది చిన్న లోపం కాదు కాబట్టి, రౌటర్‌కు కూడా ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మంచిది.

సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవాటితో సహా ఒకే డబ్బాలో (కంటైనర్) పెట్టి నడిపే డాకర్ తెలిసినవారికి మెమోస్‌ను నిలబెట్టడం ఒక్క ఆదేశంతో అయ్యే పని. బ్రౌజరులో యంత్రం చిరునామా పక్కన 5230 అనే పోర్టు సంఖ్య కొడితే అది తెరుచుకుంటుంది, మొదట నమోదైన వ్యక్తే నిర్వాహకుడవుతాడు. అమ్మకు ఖాతా తెరిచిన వెంటనే కొత్త నమోదులను ఆపేసి, రాతలను బహిరంగంగా పెట్టే వీలును కూడా తీసేయాలి. ఊళ్లో లేనప్పుడు కూడా అందాలంటే, మన పరికరాలను ఇంటర్నెట్ మీదుగా ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ సులువైన దారి. ఇంటర్నెట్ సంస్థ మనకంటూ ప్రత్యేక ఐపీ చిరునామా ఇవ్వకపోయినా అది పనిచేస్తుంది. అయితే బ్యాటరీ ఆదా పేరుతో ఆండ్రాయిడ్ టెయిల్‌స్కేల్ యాప్‌ను నిద్రపుచ్చకుండా ఫోనులో ముందే మినహాయింపు ఇవ్వాలి, లేకపోతే 'డైరీ రావడం లేదురా' అనే ఫోన్లకు లెక్క ఉండదు.

తెలుగు విషయంలో మెమోస్ చాలావరకు నిరాశపరచదు. ఒత్తులు, సంయుక్తాక్షరాలు చక్కగా కనబడతాయి, శీర్షిక పెట్టమని వేధించదు, రాసి సేవ్ నొక్కితే చాలు. చిక్కంతా వెతుకులాటలోనే. అమ్మ ఒకసారి 'పెరంబూర్‌లో' అనీ మరోసారి 'పెరంబూర్లో' అనీ రాస్తుంది. మొదటి మాటలో పొల్లు తర్వాత జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. కీబోర్డు ఒక్కోసారి దాన్ని తానే చేరుస్తుంది. మెమోస్ అక్షరానికి అక్షరం పోల్చి చూస్తుంది కాబట్టి ఒక రూపంతో వెతికితే రెండో రూపం దొరకదు. 'పెరంబూ' వరకే కొట్టి వెతకడం ప్రస్తుతానికి ఉన్న ఉపాయం. 

ఇక అసలు అభ్యంతరానికి వస్తాను. ఖాతా తెరిచిన మొదటి రోజునే అమ్మ అడిగింది: "నేను రాసేది నీకు కనబడుతుందా?" నిజం చెప్పాలంటే కనబడుతుంది. మెమోస్ రాతలన్నిటినీ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలు ఒకదానిలో మామూలు అక్షరాలుగానే దాస్తుంది. 'ప్రైవేటు' అన్న గుర్తు ఇతర వాడుకరులను ఆపుతుందే తప్ప, యంత్రం చేతిలో ఉన్న నన్ను గానీ దాన్ని ఎత్తుకుపోయినవాణ్ణి గానీ ఆపదు. కొడుకు చదవగలడని తెలిశాక ఏ తల్లి అయినా పాల లెక్కలు, మందుల వేళలు రాస్తుంది గానీ కోడలి మీద కోపాన్నో, పోయిన చెల్లెలి మీద బెంగనో రాయదు. కంపెనీల కంట పడకూడదని సొంత సర్వర్ పెట్టి, ఆ కంటి స్థానంలో మన కన్నును కూర్చోబెట్టడం సబబు కాదు.

ఈ కారణంగానే డైరీ వరకు డైలీటెక్స్ట్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ మెరుగని నా అభిప్రాయం. ఇది రోజుకొక పేజీతో, పక్కన క్యాలెండర్‌తో, అచ్చు డైరీలాగే ఉంటుంది. డేటాబేస్ లేకుండా రాతలను, జతచేసిన ఫైళ్లను గుప్తీకరించి, అంటే పాస్‌వర్డు లేనిదే చదవలేని రూపంలోకి మార్చి దాస్తుంది. డిస్కులో ఫైళ్లు తెరిచి చూస్తే నాకు అర్థం లేని అక్షరాల కుప్ప తప్ప ఏమీ కనబడలేదు. చూడటానికి మెమోస్ అంత నాజూకుగా ఉండదు, ఒప్పుకోవలసిందే. పాస్‌వర్డు అమ్మ ఒక్కతికే తెలియాలి, దాన్ని కాగితం మీద రాసి తన బీరువాలో పెట్టుకోవాలి. మరిచిపోతే నేను తీసిచ్చేది కాదని ముందే చెప్పడం కూడా ఈ ఏర్పాటులో భాగమే.

మెమోస్‌ను మాత్రం తీసేయలేదు. పొడుల కొలతలకు, పండుగ సరుకుల జాబితాకు, అందరూ చూడదగ్గ ఇంటి విషయాలకు దాన్ని మించినది నాకు కనబడలేదు. దాని డేటాను కాపీ చేసేటప్పుడు నడుస్తున్న ఫైలును ఉన్నపళంగా ఎత్తకుండా, కంటైనర్‌ను ఆపి గానీ ఎస్‌క్యూలైట్ బ్యాకప్ ఆదేశంతో గానీ తీయాలి, లేకపోతే చివరి రాతలు దాని పక్కనుండే మరో ఫైలులోనే ఉండిపోయి కాపీలోకి రాకపోవచ్చు. డైలీటెక్స్ట్‌కు ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేస్తే సరిపోతుంది. రాతలు గుప్తీకరించి ఉంటాయి కాబట్టి ఆ కాపీని నెల్లూరులోని తమ్ముడి ఇంట్లో ఉంచడానికి కూడా అమ్మ అభ్యంతరం చెప్పలేదు.