మా పీడీ సార్ రన్నింగ్ కోచింగ్, నల్లగొండ

పిల్లల్ని రన్నింగ్‌లో పెట్టాలనుకునే నల్లగొండ తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మాకు గడియారం సెంటర్ దగ్గర టైలరింగ్ షాపుంది. పాప గవర్నమెంట్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి, 800 మీటర్లు పరుగెత్తుతుంది. వాళ్ల పీడీ సార్ (ఆటలు, వ్యాయామం నేర్పే టీచర్) పొద్దున ఐదున్నరకల్లా స్కూల్ గ్రౌండులో ఉంటారు. ఫీజు లేదు, వేరే స్కూల్ పిల్లల్ని కూడా రానిస్తారు.

సార్ దగ్గర నాకు బాగా నచ్చింది, తొందరపెట్టకపోవడం. కొత్తగా వచ్చినవాళ్లతో చాలా రోజులు మెల్లగా జాగింగ్, మోకాళ్లు పైకెత్తే డ్రిల్స్ మాత్రమే చేయిస్తారు. పోటీలకు ఎప్పుడు పంపుతారని విసుక్కుని మాన్పించినవాళ్లున్నారు. నా లెక్కలో ఆ పిల్లలే నష్టపోయారు.

పోయిన ఏడాది మా పాప చివరి రౌండ్‌కు వచ్చేసరికి మొహం పాలిపోయి కూర్చుండిపోయేది. బద్ధకమని మేమే తిట్టేవాళ్లం. సార్ మాత్రం ఒక్క మాట అనలేదు. తన నోట్‌బుక్ తెరిచి వారాల టైమింగులు చూపించి, "అమ్మా, ఒకసారి రక్త పరీక్ష చేయించండి" అన్నారు. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 9 దగ్గరుంది. రక్తం తక్కువైతే కండరాలకు ఆక్సిజన్ సరిగ్గా అందదని, 800లో అది రెండో సగంలోనే బయటపడుతుందని అప్పుడు చెప్పారు. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు వేసుకున్నన్ని రోజులూ నడక, తేలికపాటి వ్యాయామమే చేయించారు. జోనల్ పోటీలు దగ్గరపడినా పరుగెత్తనివ్వలేదు. ఆడపిల్లలు నెలసరి గురించి కూడా భయం లేకుండా చెప్పుకునేలా ఒక మేడమ్‌ను పక్కన పెట్టుకున్నారు. ఇంత పట్టించుకునేవాళ్లను నేను ఎక్కడా చూడలేదు.

సర్వీసంతా ఈ జిల్లాలోనే, దేవరకొండ వైపు ఊళ్లలో, మిర్యాలగూడలో చేశారు. సాయంత్రాలు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రిపేరయ్యేవాళ్లు వస్తారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని పెట్టారు కదా, ఆ లెక్కన రౌండ్ రౌండ్‌కూ టైమ్ పంచి నేర్పుతారు. అలా ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడు ఆదివారాలు వచ్చి మా పిల్లలకు స్టాప్‌వాచ్ పడుతున్నారు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచినప్పుడు, ఆమెను మొదట గుర్తించింది కూడా ఒక పీఈటీ (వ్యాయామ టీచర్) సారే అని మా పాప ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పింది.

ఇబ్బందులూ ఉన్నాయి. గ్రౌండ్ చిన్నది, 800 అంటే నాలుగు రౌండ్లు కొట్టాలి. వానపడితే బురద. సున్నంతో గీసిన లైన్లు చెరిగిపోతాయి, సార్ మళ్లీ గీసుకుంటారు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు. ఇది పైవాళ్లు చూడాల్సిన పని, వెంటనే చూడాలి. సార్ ఫోన్ కూడా ఎత్తరు, ఏదైనా అడగాలంటే గ్రౌండ్‌కే వెళ్లాలి.

పంపేవాళ్లు స్పైక్స్ (అడుగున ముళ్లుండే పరుగు బూట్లు) కొనకండి, సార్ చెప్పినప్పుడు కొనొచ్చు. మామూలు బూట్లు, నీళ్ల బాటిల్, నానబెట్టిన పల్లీలు చాలు. ఐదున్నర దాటి వస్తే ఆ రోజు వార్మప్ ఒంటరిగా చేసుకోవాల్సిందే.