రెండో రోజు పొద్దున ఒళ్ళు ఏమంటోంది: కొత్త స్పోర్ట్ టూరర్‌తో మొదటి 4000 కిలోమీటర్లు

స్పోర్ట్ టూరర్ అంటే వేగంగా, ఎక్కువ దూరం పోవడానికి చేసిన మోటార్ సైకిల్. నా బండి చేతికొచ్చి మూడు నెలలైంది, మీటర్ 4100 దగ్గరుంది. ఇందులో ఒంటరిగా రెండు ట్రిప్పులు, మా ఆవిడతో కలిసి ఒకటి, మిగతాదంతా ఊళ్ళో తిరుగుడే. లీటర్ క్లాస్ నాలుగు సిలిండర్ల ఇంజిన్, నిండు ఫెయిరింగ్ (గాలిని అడ్డుకునే ముందు తొడుగు), 19 లీటర్ల ట్యాంకు, పెట్రోలు నింపితే 235 కిలోల పైనే బరువు, హ్యాండిల్ మాత్రం రేసు బండ్లలాగా కిందకి కాకుండా కాస్త ఎత్తులో ఉంటుంది. బండి చూసినవాళ్ళంతా అడిగేది టాప్ స్పీడ్ ఎంత అని. నేను పెట్టుకున్న పరీక్ష వేరే, రోజంతా నడిపి ఎక్కడో ఒక చోట పడుకుని రెండో రోజు పొద్దున లేచాక మళ్ళీ తాళం తీసుకోబుద్ధేస్తుందా లేదా అని, ఎందుకంటే మొదటి రోజు కొత్త మోజులో ఏ బండైనా బాగానే ఉంటుంది.

అసలు ఈ రకం బండ్లు పుట్టిందే దాని కోసం. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ వచ్చినప్పుడు దాని నిండు ఫెయిరింగ్‌ని విండ్ టన్నెల్‌లో పెట్టి మరీ తయారు చేశారు, గాలి దెబ్బ మనిషి మీద పడకపోతే వేగంగా ఎక్కువ దూరం పోవచ్చు అన్నదే ఆలోచన. ఇప్పటి బండ్లలో స్క్రీన్లు, మోడ్‌లు, సెన్సర్లు ఎన్ని వచ్చినా పని అదే.

మొదటి ట్రిప్పు రెండు రోజులు, 620 కిలోమీటర్లు, పూర్తిగా రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజిన్ని మెల్లిగా అలవాటు చెయ్యడం) కోసమే. నా బండి మాన్యువల్‌లో మొదటి 800 కిలోమీటర్లు 4000 ఆర్‌పీఎం లోపు, తర్వాత 1600 దాకా 6000 లోపు అని ఉంది. చాలామంది ఇది చూసి హైవే ఎక్కి ఒకే స్పీడ్‌లో 300 కిలోమీటర్లు లాగించేసి అయిపోయింది అనుకుంటారు, కానీ కొత్త ఇంజిన్‌కి కావాల్సింది ఆర్‌పీఎం పెరగడం తగ్గడం, గేర్లు మారడం, అప్పుడప్పుడు కాస్త లోడు పడి మళ్ళీ వదలడం. అందుకే హైవే పక్కన పెట్టి ఊళ్ళ మధ్య నుంచి పోయే పాత రోడ్డు పట్టుకున్నా. 4000 లోపే ఉన్నా ఈ ఇంజిన్‌కి టార్క్, అంటే లాగే బలం, ఎంతుందంటే ఓవర్‌టేక్ కోసం గేరు దించాల్సిన అవసరం పెద్దగా రాలేదు. కొత్త టైర్లు కూడా మొదటి 150 కిలోమీటర్ల దాకా పైపొర నున్నగా ఉంటాయి కాబట్టి వంపుల్లో బండిని మెల్లిగానే వాల్చాను, బ్రేకు ప్యాడ్లు కూడా అప్పటికి డిస్కులకి ఇంకా సర్దుకోవు, గట్టిగా ఒక్కసారి నొక్కే బదులు ముందు నుంచే కొంచెం కొంచెంగా పట్టాను.

140 కిలోమీటర్ల దగ్గర ఎడమ మణికట్టు నొప్పి మొదలైంది. ఆగాను, చేతులు దులుపుకున్నాను, మళ్ళీ ఎక్కాను, 40 కిలోమీటర్లకి మళ్ళీ అదే. రెండో రోజు పొద్దున పిడికిలి సరిగ్గా మూసుకోలేదు, క్లచ్ పట్టాలంటే వేళ్ళు ఒక్కొక్కటే లేస్తున్నాయి. నిజం చెప్తున్నా, ఆ పొద్దున మంచం మీద కూర్చుని తప్పు బండి కొన్నానేమో అని బాధపడ్డాను. ఇంటికొచ్చాక నింపాదిగా చూస్తే సంగతి బండిలో లేదు. క్లచ్ లివర్ నా చేతికి మరీ పైకి ఉంది, ముంజేయి నుంచి వేళ్ళ దాకా ఒకే గీతలా ఉండాల్సింది మణికట్టు దగ్గర వంగిపోతోంది. ఆలెన్ కీతో క్లాంపు వదులు చేసి లివర్‌ని ఒక వేలు మందం కిందకి తిప్పాను, బ్రేకు లివర్ కూడా అంతే, హ్యాండిల్‌ని అటూ ఇటూ పూర్తిగా తిప్పి వైర్లు ఎక్కడా బిగుసుకోవట్లేదని చూసుకున్నాను. రెండోది, నేను బరువంతా అరచేతుల మీద వేసి కూర్చుంటున్నాను. ట్యాంకుని మోకాళ్ళతో పట్టుకుని నడుము బలం మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాక చేతులు తేలికైపోయాయి. హ్యాండిల్ని ఎత్తు చేసే రైజర్లు కొనే ముందు ఈ రెండూ చెయ్యండి, ఒక్క పైసా ఖర్చు లేదు.

ముందు గాలిని ఆపే అద్దం, అదే విండ్ స్క్రీన్, సంగతి కూడా ఇలాంటిదే. ఎత్తు పెంచితే గాలి తగలదు అనుకుని మొదట పూర్తిగా పైకి పెట్టాను, 100 దాటగానే హెల్మెట్ వణకడం మొదలైంది, చూపు కూడా అదిరింది. స్క్రీన్ అంచు మీద నుంచి వచ్చే గాలి సుడులు తిరిగి నేరుగా హెల్మెట్‌కి కొడుతోంది. రెండు మెట్లు దించితే ఛాతీకి కాస్త గాలి తగులుతుంది గానీ తల చుట్టూ గాలి శుభ్రంగా పోతుంది, వణుకు పోయింది. చప్పుడు మాత్రం ఏ స్క్రీన్‌తోనూ పోదు, హైవే స్పీడ్‌లో హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటుతుంది, రోజంతా అది వింటే చెవులకి శాశ్వతంగా నష్టం, పైగా సాయంత్రానికి వచ్చే ఆ నీరసంలో సగం ఆ హోరు వల్లే. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. హారన్లు వినిపిస్తాయి, ఇంజిన్ కూడా వినిపిస్తుంది.

ఇక ఫస్ట్ సర్వీస్, 1000 కిలోమీటర్లకి. ఆయిలు, ఫిల్టర్ మార్చారు, బోల్టులు చెక్ చేశారు, కడిగి తుడిచి ఇచ్చారు. దించిన ఆయిల్ చూపించమని అడిగాను, వెలుతురులో పెడితే సన్నగా మెరుపు కనిపించింది, కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే లోహపు పొడి అది, మొదటి ఆయిల్ తొందరగా మార్చమనేది ఇందుకే. పని బాగానే చేశారనుకుని బయల్దేరాను. మొదటి స్పీడ్ బ్రేకర్ మీద వెనక భాగం బిర్రుగా అనిపించింది, స్పీడ్‌లో కింద నుంచి సన్నగా కూత. ఇంటికొచ్చి చైను మధ్యలో స్కేలు పెట్టి పైకి కిందకి ఆడిస్తే 15 మిల్లీమీటర్లే కదులుతోంది. స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి లాంటి భాగం) మీద అంటించిన స్టిక్కర్‌లో 25 నుంచి 35 అని రాసే ఉంది, అది చూడకుండా చేత్తో బిగించేశారు. ఇందులో ప్రమాదం ఏంటంటే మనం కూర్చుని గుంటలో పడినప్పుడు స్వింగ్‌ఆర్మ్ పైకి లేస్తుంది, ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం), స్వింగ్‌ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు మూడూ ఒకే గీతలోకి వచ్చే చోట చైన్‌కి కావాల్సిన పొడవు అన్నిటికంటే ఎక్కువ, అక్కడ వదులు లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. మర్నాడే తిరిగి వెళ్ళాను. "అంత లూజు పెడితే చప్పుడొస్తుంది సార్" అన్నాడు కుర్రాడు. "తమ్ముడూ, నువ్వే స్కేలు పెట్టి చూడు, స్టిక్కర్ చదువు" అన్నాను, చూసి మారు మాట్లాడకుండా 30కి పెట్టాడు. అతని మీద నాకు కోపం లేదు, కానీ ఇంత బరువున్న బండ్లు పట్టే చోట కొలవకుండా బిగించడం తప్పే. సర్వీస్ నుంచి బండి తెచ్చుకున్న ప్రతిసారీ చైను, టైర్లలో గాలి, ఇరుసు నట్టు మీరే చూసుకోండి.

సస్పెన్షన్ ముట్టుకోవడానికి చాలామంది భయపడతారు, నేనూ రెండు వారాలు వాయిదా వేశాను. వెనక చక్రం నేలకి తగలకుండా లేపి ఇరుసు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా కొలవాలి, తర్వాత గేరంతా వేసుకుని కూర్చుని ఇంకొకరితో మళ్ళీ కొలిపించాలి, ఆ తేడానే సాగ్, అంటే మన బరువుకి వెనక భాగం దిగే దూరం. సస్పెన్షన్ కదలగలిగే మొత్తం దూరంలో, అంటే ట్రావెల్‌లో, దాదాపు మూడో వంతు ఉంటే సరి. నాది 140 ట్రావెల్‌కి 58 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే వెనక మరీ కూర్చుండిపోతోంది, అందుకే వంపులో బండి వెడల్పుగా బయటికి పోతున్నట్టు అనిపించేది. ప్రీలోడ్, అంటే స్ప్రింగ్ బిగుతు, పెంచి 45కి తెచ్చాను. అదే టైర్లు, అదే ఇంజిన్, వంపులోకి తిరగడం మాత్రం ఇంకో బండిలా అయింది.

ఆ మార్పు తర్వాతే రెండో ట్రిప్పు, మూడు రోజులు, 1100 కిలోమీటర్లు, మధ్యలో పెద్ద ఘాట్ రోడ్డు, పైకెక్కేటప్పుడు వాన. ఈ బండి ఎందుకు కొన్నానో నాకు అక్కడ అర్థమైంది. మూడో గేరు, బ్రేకు కంటే ఎక్కువ ఇంజిన్ బ్రేకింగ్‌తోనే దిగడం, హెయిర్‌పిన్ దగ్గర చూపు రోడ్డు చివరికి పెడితే బండి తనంతట తానే అటు తిరగడం. రెయిన్ మోడ్‌లో థ్రాటిల్ మెత్తబడుతుంది, చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ముందే కలగజేసుకుంటుంది. ఒక చోట తడిసిన తెల్ల గీత మీద వెనక చక్రం చిన్నగా జారి, నేను ఏమీ చేసేలోపే సర్దుకుంది, డాష్‌లో పసుపు లైటు ఒక్కసారి మిణికింది. బండి ఎంత వాలిందో కొలిచి దాన్ని బట్టి బ్రేకుని, పవర్‌ని సర్దే ఈ పద్ధతి 2014 మోడల్ కేటీఎం 1190 అడ్వెంచర్‌లో బాష్ వాళ్ళ సిస్టమ్‌గా వచ్చింది, ఇప్పుడు ఈ క్లాసు బండ్లలో చాలావాటికి ఉంది. కొనేటప్పుడు మోడ్‌లు ఎన్ని అని కాదు, ఆ వాలుని కొలిచే సెన్సర్, ఐఎంయూ, ఉందా అని అడగండి.

క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చే క్విక్ షిఫ్టర్ ఇంజిన్ మీద లోడు ఉన్నప్పుడు అద్భుతం, తక్కువ ఆర్‌పీఎంలో మాత్రం క్లచ్ పట్టడమే మేలు. క్రూజ్ కంట్రోల్ కుడి చేతికి వరం, కానీ అరగంట దాటితే చురుకుదనం తగ్గుతుంది, ఆపేస్తాను. ట్రాఫిక్‌లో వేడి కుడి తొడకి తగులుతుంది, నాలుగు సిలిండర్ల ఫెయిరింగ్ బండ్లకి ఇది మామూలే, రైడింగ్ ప్యాంటు వేసుకుంటే తట్టుకోవచ్చు. మైలేజ్ లీటరుకి 17, 18 వస్తోంది, ఒక ట్యాంకుకి 300 కిలోమీటర్ల పైన పోతుంది, నేను 250కే బంకులోకి తిప్పుతాను, బండి కంటే ముందు నాకు ఆగడం అవసరం.

బస గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంత బరువు బండితో పోయేటప్పుడు గది కంటే ముందు పార్కింగ్ చూడాలని ఆలస్యంగా తెలుసుకున్నాను. మొదటి ట్రిప్పులో దిగిన లాడ్జిలో గది శుభ్రం, మంచం మంచిది, పార్కింగ్ మాత్రం సెల్లార్‌లో, దిగే ర్యాంపుకి నున్నటి టైల్స్. పొద్దున ఆ ర్యాంపు తడిగా ఉంది, బండి ముక్కు గోడ వైపు కిందకి ఉంది, వెనక్కి లాగడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. రెండో ట్రిప్పులో ఘాట్ పైన దిగిన చిన్న గెస్ట్‌హౌస్‌లో గది మామూలే, వేడినీళ్ళు కూడా సమయానికే, కానీ అక్కడి పెద్దాయన వాచ్‌మన్ నేను ఆగగానే నడిచొచ్చి "అక్కడ మట్టి బాబూ, వానకి స్టాండు దిగిపోద్ది, ఈ మూల సిమెంటు గట్టిది, ముక్కు రోడ్డు వైపు పెట్టుకో" అన్నాడు. రాత్రంతా వాన, పొద్దున బండి పెట్టింది పెట్టినట్టే ఉంది, స్టార్ట్ చేసి ముందుకే వెళ్ళిపోయాను. ఈ రెండింట్లో నేను మళ్ళీ వెళ్ళేది గెస్ట్‌హౌస్‌కే. ఇప్పుడు బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు అడుగుతున్నా: పార్కింగ్ సమంగా ఉంటుందా, పైకప్పు ఉందా, పొద్దున ఆరింటికి గేటు తీస్తారా. మూడోదానికి తడబడితే వేరే చోటు చూసుకుంటాను. సైడ్ స్టాండు కింద పెట్టడానికి చిన్న పలక ఒకటి సీటు కింద ఎప్పుడూ ఉంటుంది.

మూడో ట్రిప్పు మా ఆవిడతో, నాలుగు రోజులు, 1500 కిలోమీటర్లు, రెండు పక్కలా పెట్టెలు. బరువైనవి పెట్టెల్లో కిందకి, ముందుకి, తేలికవి పైకి, రెండు వైపులా దాదాపు సమానంగా. వెనక టాప్ బాక్సు పెట్టలేదు, ఇరుసుకి అంత వెనకగా, అంత ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ ఊగుతుంది. ప్రీలోడ్ నాబ్ పూర్తిగా తిప్పాను, టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ. నడిచాక వేడికి అంకె పెరుగుతుంది, చూసి కంగారుపడి గాలి తియ్యకూడదు. ఒకటి మర్చిపోయాను, వెనక బరువుకి హెడ్‌లైట్ పైకి లేస్తుంది. చీకటి పడ్డాక ఎదురొచ్చేవాళ్ళు వరసగా డిప్పర్ కొడుతుంటే అప్పుడు గుర్తొచ్చింది, పక్కన ఆపి స్క్రూడ్రైవర్‌తో దించాను.

మొదటి రోజు 420 నడిపాను, ప్రతి గంటన్నరకీ ఆగుతూ. రెండో రోజు పొద్దున నా చేతులు బాగున్నాయి, నడుము బాగుంది, నేను తాళం కోసం వెతుకుతున్నాను. తను మాత్రం మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టుకుంది. "సీటు బానే ఉందండీ, కాళ్ళు పెట్టేవే మరీ పైకున్నాయి" అంది. ఆ రోజు 250కి తగ్గించి దారి మార్చాను, అక్కడి నుంచి గంటకోసారి ఆగాను. పరీక్షలో బండి నా వరకే నెగ్గింది, వెనక కూర్చున్న మనిషి వరకు ఇంకా నెగ్గలేదు. ఫుట్‌పెగ్‌లు కిందకి దించే బ్రాకెట్లు ఉంటాయని తెలిసింది, పెట్టెలకి తగలకుండా ఎంత దించొచ్చో ఈ ఆదివారం కొలవాలి, తనని కూర్చోబెట్టి.