లండన్‌లో మలేషియా విందు: మనిషికి 58 పౌండ్లు, ఆకలి అలాగే

ఇద్దరే వెళ్లి తిని మెచ్చుకున్న హోటల్‌కి బలగాన్ని వెంటబెట్టుకుని వెళ్తే అదే తిండి, అదే మర్యాద దొరుకుతాయన్న భరోసా ఏమీ లేదు. లండన్‌లో ఓ పెద్ద పేరున్న మలేషియా రెస్టారెంట్‌లో మాకు ఇది బాగా తెలిసొచ్చింది. పేరు రాయను గానీ, వంటతో పాటు బుకింగ్ పద్ధతి గురించీ చెప్పాల్సింది చాలా ఉంది.

విజయవాడ నుంచి అమ్మ, పిన్ని, బాబాయ్ వచ్చారు. ఇక్కడున్న మా మూడు కుటుంబాలు, పిల్లలు కలిపి 14 మందిమి. బస బేస్‌వాటర్‌లో, వంటిల్లున్న సర్వీస్ అపార్ట్‌మెంట్లలో. గదులు ఇరుకే గానీ పొద్దున్నే పెద్దవాళ్లకి ఉప్మా, రాత్రికి పప్పూ అన్నం చేసుకునే వీలుంది. హీత్రో నుంచి ఎలిజబెత్ లైన్ ఎక్కితే అరగంటలో పాడింగ్టన్, అక్కడి నుంచి నడకే. బస విషయంలో ఎవరికీ ఫిర్యాదు లేదు.

మలేషియా భోజనం ఆలోచన మా వదినది. ఆవిడ మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో పుట్టి పెరిగిన తెలుగావిడ. ముత్తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి తోటల పనికి వెళ్లి అక్కడే ఉండిపోయారట. కొబ్బరిపాలతో వండే అన్నం నాసి లెమాక్, పొరల రొట్టె రోటి చనాయ్ ఆవిడకి మనకి ఇడ్లీ, పెసరట్టు ఎంతో అంత. మలేషియా వాళ్ల ఈ పొద్దుటి టిఫిన్ సంస్కృతిని 2024లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. పెద్దవాళ్లకి ఒక్కసారి రుచి చూపించాలని ఆవిడ ముచ్చట.

బుకింగ్‌లోనే షరతులు మొదలయ్యాయి. ఎనిమిది మంది దాటితే సెట్ మెనూనే, అంటే వాళ్లు ముందే ఖాయం చేసిన వంటలే, తీసుకోవాలి. మనిషికి అయ్యే 58 పౌండ్లలో 20 ముందే కట్టాలి. టేబుల్ రెండు గంటలు మాత్రమే ఇస్తారు. లండన్‌లో ఇవి చాలాచోట్ల ఉన్నవే కాబట్టి ఒప్పుకున్నాం. అందరికీ కుదిరింది శనివారం రాత్రి. మాలో ఐదుగురు శనివారం నీచు ముట్టరు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు ఏదీ పనికిరాదని, మిగతావాళ్లకీ గొడ్డు మాంసం వద్దని ఫోన్లో చెప్పి, మెయిల్లోనూ రాశాం. "నోట్ చేసుకున్నాం" అని జవాబొచ్చింది.

హాలు మాత్రం కళ్లు చెదిరేలా ఉంది. పేము కుర్చీలు, ఇత్తడి దీపాలు, గోడ నిండా బాతిక్ బట్ట.

ఏడింటికి కూర్చుంటే మొదటి పళ్లెం వచ్చేసరికి ఏడూ యాభై. అది చికెన్ సాటే, పుల్లలకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు. నిజం చెప్పాలంటే ఆ పూట మొత్తానికి సరైన వంట అదొక్కటే. బొగ్గుల మీద కాలిన వాసన, అంచులు కాస్త మాడిన తీపి, పక్కన పలుకు తగిలే పల్లీల పులుసు. కానీ మనిషికి రెండు పుల్లలు! మా పిల్లలు అవి ముగించి బల్లకేసి చూస్తూ కూర్చున్నారు.

తర్వాత రోటి చనాయ్. పిండిని నూనెలో నానబెట్టి, గాల్లో విసిరి పల్చగా సాగదీసి, మడిచి పెనం మీద కాల్చి, దించగానే రెండు చేతులతో చరిస్తే పొరలన్నీ విడిపోతాయి. పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి రావాల్సిన వస్తువది. మాకొచ్చింది నాలుగేసి ముక్కలుగా కోసి, ఎంతసేపు ఆగిందో గానీ తోలులా సాగింది. పక్కనున్న పప్పు గిన్నె ముగ్గురికి చాలదు. ఇంకొంచెం పప్పు అడిగితే అది "ఎక్స్‌ట్రా" అన్నారు. పప్పుకి ఎక్స్‌ట్రా డబ్బులా అని బాబాయ్ నోరు తెరిచారు.

గొడ్డు మాంసం బదులు మా కోసం లాంబ్ రెండాంగ్ చేశారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. అయితే రెండాంగ్ అంటే కొబ్బరిపాలు గంటల తరబడి ఇగిరి, నూనె తేలి, ఆ నూనెలోనే మాంసం వేగి నల్లబడాలి. వేయించి దంచిన కొబ్బరి, కెరిసిక్ అంటారు, ముక్కకి పట్టి ఉండాలి. ఇది గరిటెతో పోసుకునే పల్చటి కూర. వదిన ఒక ముక్క తిని, "ఇది రెండాంగ్ అంటే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అంది. నాసి లెమాక్ అన్నంలో కొబ్బరిపాలు, పాండాన్ ఆకు వాసన ఉన్నాయి గానీ దాన్ని చిన్న గిన్నెతో బోర్లించి, పైన నాలుగు పల్లీలు, నాలుగు నెత్తళ్లు పేర్చి తలా ఒక పళ్లెం ఇచ్చారు. మన ఇళ్లలోలాగే మలేషియాలోనూ అన్నం, కూరలు మధ్యలో పెట్టుకుని పంచుకు తింటారు. 14 మందికి అలా పెడితే వాళ్లకీ పని తేలిక, మాకూ కడుపు నిండేది. ఎవరి పళ్లెం వాళ్లకి అలంకరించి పంపబట్టే ఒకరి పళ్లెం ఖాళీ అయ్యేసరికి ఇంకొకరిది రాలేదు.

అసలు గొడవ తూటికూర దగ్గర వచ్చింది. శాకాహారుల సెట్‌లో కాంగ్‌కుంగ్ వేపుడు తెచ్చారు, మన తూటికూరే. అమ్మ ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. "అమ్మాయ్, ఇందులో ఎండు రొయ్యల వాసనొస్తోందేమే?" వదిన వాసన చూసి, "వద్దు అత్తయ్యా, వదిలేయండి, బెలాచాన్ వేశారు" అంది. బెలాచాన్ అంటే రొయ్యపొట్టు ఉప్పుతో పులియబెట్టిన ముద్ద. మలేషియా వంటకి ప్రాణం అదే, సంబల్ మిరపకాయ పచ్చట్లోనూ ఉంటుంది. పిలిచి అడిగితే వడ్డించే అబ్బాయి లోపలికెళ్లొచ్చి, "చాలా కొంచెమేనండి" అన్నాడు. పాపం, వాడికి వంటింట్లో చెప్పిన మాట అదే. మెయిల్లో రాసింది వంటవాళ్ల దాకా చేరనే లేదు. ఐదుగురికీ మళ్లీ వండి తెచ్చింది ఉత్త అన్నం, సోయా సాస్‌లో వేయించిన టోఫు.

ఈలోగా ఎనిమిదీ ముప్పావుకి మేనేజర్ వచ్చి తొమ్మిదికి టేబుల్ ఖాళీ చెయ్యాలని గుర్తు చేశాడు. మొదటి యాభై నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలో ఆయన చెప్పలేదు. చివర్లో ఇచ్చిన తీపి వంటకం చెందోల్ నిలబడి తిన్నంత పనైంది. గులా మెలాకా బెల్లం మంచిదే వేశారు, అందుకు ఒక మార్కు.

బిల్లులో 12.5 శాతం సర్వీస్ చార్జి. అది మన ఇష్టం, తీసేయమంటే తీసేస్తారు. మా తమ్ముడు అదే అందామన్నాడు. నేను వద్దన్నాను. 2024 అక్టోబరు 1 నుంచి బ్రిటన్‌లో టిప్పులు, సర్వీస్ చార్జీ మొత్తం పనివాళ్లకే పంచాలని చట్టం వచ్చింది. అది కోస్తే దెబ్బ తగిలేది రాత్రంతా పరిగెత్తిన ఆ అబ్బాయికి, యజమానికి కాదు. అందుకని చార్జి ఉంచి, ఐదు శాకాహార సెట్ల డబ్బు తీసేయమన్నాం. మెయిల్ చూపించాక మూడు సెట్ల డబ్బు తీసేయడానికి ఒప్పుకున్నారు. క్షమాపణ కాగితం మీద రాలేదు, నోటితోనే వచ్చింది.

ఇంటికొచ్చి పిన్ని చారు పెట్టింది. పదకొండింటికి అందరం పెరుగన్నం తిన్నాం.

మలేషియా తిండే రుచి చూడాలనుకుంటే యూస్టన్ స్టేషన్ పక్కన డోరిక్ వేలో రోటి కింగ్ ఉంది. నేలమాళిగలో చిన్న హోటల్, బయట క్యూ, ఎదురుగానే పిండి విసురుతారు. పెద్దవాళ్లని ఆ క్యూలో నిలబెట్టలేం, 14 మంది ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అసలే కుదరదు. నలుగురేసి విడిపోయి వెళ్లడమే మార్గం. శనివారం నియమం ఉన్నవాళ్లని యూస్టన్ వెనకే ఉన్న డ్రమ్మండ్ స్ట్రీట్‌కి పంపండి, అక్కడ మన దేశపు శాకాహార హోటళ్లున్నాయి. ఖరీదైన చోటికే వెళ్లాలనిపిస్తే బుక్ చేసేటప్పుడు "శాకాహారం ఉందా" అని కాకుండా "బెలాచాన్ లేకుండా ఏమేం వండగలరు" అని అడగండి. వంటలు మధ్యలో పెడతారా, తలా పళ్లెమా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.